తాడులో గుర్రపు వెంట్రుక

అక్లిమా ఇప్పటికి పదిహేడు మంది పిల్లల కాళ్ళ తాళ్ళు కోసింది. ఆ లెక్క ఊళ్ళో ఎవరికీ తెలియదు, అక్లిమాకి కూడా తెలియదు. తెలిసింది ఒక్క దమేష్‌కే. ఆమె ఎప్పుడూ కూర్చుని లెక్కపెట్టలేదు. ఏ ముల్లు ఎక్కడ గుచ్చుకుందో కాలికి గుర్తుంటుంది కదా, అలా గుర్తుండిపోయాయి.

బిడ్డ తొలి అడుగులు వేసే రోజుల్లో ఆ కజక్ పల్లెలో చిన్న పండగ చేస్తారు. నల్ల ఉన్నీ తెల్ల ఉన్నీ కలిపి పేనిన తాడుతో బిడ్డ కాళ్ళు రెండూ కట్టి, తెల్లగుడ్డ పరిచి దాని మీద నిలబెడతారు. పిలుపు అందుకున్న మనిషి వచ్చి ఆ తాడు కోసి, బిడ్డ చెయ్యి పట్టుకుని గుడ్డ చివరిదాకా నడిపిస్తుంది. ఎవరు కోస్తే వాళ్ళ నడక, వాళ్ళ గుణం బిడ్డకి వస్తాయి. అందుకే ఎవర్ని పిలవాలా అని ఇంటిల్లిపాదీ నెల ముందునుంచీ తర్జనభర్జన పడతారు. 

పదిహేడు ఇళ్ళవాళ్ళు అలా ఆలోచించి ఆలోచించి చివరికి అక్లిమా గుమ్మమే తొక్కారు. ఆ గుమ్మానికి వెళ్ళాలంటే దమేష్ గుమ్మం దాటాలి. ఇద్దరూ తోడికోడళ్ళు, రెండిళ్ళ మధ్య నడుమెత్తు మట్టిగోడ. దాటేటప్పుడు మర్యాదకి ఆగి, "బాగున్నావా దమేషక్కా? ఆవు ఈనిందా?" అని అడిగేవాళ్ళు. ఈనిందనో ఇంకా లేదనో ఆమె చెప్పేది. వాళ్ళు వెళ్ళిపోయేవాళ్ళు. కాసేపటికి గోడ అవతల అక్లిమా నవ్వు వినబడేది. ఆ నవ్వు వినగానే దమేష్ చీపురు అందుకునేది, ఊడ్చిన వాకిలే మళ్ళీ ఊడ్చేది.

దమేష్ చెడ్డదని ఎవరూ అనరు. నిప్పులాంటి మనిషి అంటారు. నిప్పుని ఎవరూ ఇంటికి పిలవరు.

ఆమె పసిపిల్లగా ఉన్నప్పుడు ఆమె కాళ్ళ తాడు కోసింది జానుజాక్ అనే ముసలాయన. ఒక ఏడు మంచుగాలిలో దారి తప్పి ఎవరిదో గుర్రం ఆయన కొట్టంలోకి వచ్చిందట. మూడేళ్ళు మేపాడట. ఒక్కరోజూ ఎక్కలేదు. నాలుగో ఏడు సొంతదారు వెతుక్కుంటూ వస్తే, గుర్రంతోపాటు అది మధ్యలో ఈనిన రెండు పిల్లల్నీ పలుపు పట్టి అప్పగించాడట. నాయనమ్మ ఈ కథని రొట్టె పాలలో ముంచి పెట్టినట్టు దమేష్‌కి రోజూ పెట్టేది. "నీవి జానుజాక్ కాళ్ళే తల్లీ. ఒకళ్ళ తాడు దాటే కాళ్ళు కావు" అనేది. పరాయి సొమ్ము ముట్టనివాణ్ణి ఆ వైపు 'ఎవరి తాడూ దాటనివాడు' అంటారు.

ఆ మాటని దమేష్ నమ్మింది. నమ్మినట్టే నడిచింది. ఊరి భూమీ పశువులూ అన్నీ సర్కారు సమష్టి క్షేత్రానివై ఉన్న రోజుల్లో ఇరవై రెండేళ్ళు ఉన్ని గోదాముకి కాపలా చేసింది. సాయంత్రం ఇంటికొస్తే గడప బయటే కోటు విప్పి దులిపేది, ఒక్క ఉన్నిపోగు కూడా లోపలికి రాకుండా. అత్తగారు చూసి పొయ్యి దగ్గర్నుంచే నవ్వేది. "మా పెద్దకోడలు గొర్రె ఎదురొచ్చినా చేతులు వెనక్కి కట్టుకుంటుందే!"

చిన్నకోడలు అక్లిమా క్షేత్రం పాలకొట్టంలో పనిచేసేది. ఆమె చేతులు వెనక్కి కట్టుకునే రకం కాదు. ఎవరి ఇంట్లో పసివాడు దగ్గినా ఆమె కోటు కింద రబ్బరు సంచీ ఒకటి ఉబ్బెత్తుగా ఉండేది. వేడినీళ్ళు పోసి కాపడం పెట్టుకునే సంచీ అది. అందులో పాలు.

దమేష్ కొడుకు కైసర్‌కి నాలుగేళ్ళప్పుడు, చలికాలం నడిమధ్యన, వాళ్ళ ఇంటి ఆవు వట్టిపోయింది. పిల్లాడికి ఊపిరి ఆడని దగ్గు. ఎముకలు తేలాయి. ఒకరోజు అక్లిమా వచ్చి సంచీ బల్ల మీద పెట్టింది.

"ఎక్కడివి?" అంది దమేష్.

"ఎక్కడివేంటక్కా? ఆవువి."

"ఏ ఆవువి?"

"నాలుగు కాళ్ళ ఆవువి. ముందు కాచి పట్టించు, తర్వాత దాని పేరు చెప్తాను."

దమేష్ కాచింది. పట్టించింది. మూడు వారాలు అలాగే. పిల్లాడు లేచి కూర్చున్నాడు. ఆ మూడు వారాల్లో అవి ఎవరి పాలని ఆమె మళ్ళీ అడగలేదు, తను ఒక్క గుక్కా తాగలేదు. గిన్నెకి అంటిన మీగడ కూడా గీరి కుక్కకి వేసేది.

వసంతం రాగానే జిల్లా నుంచి ఒక మనిషి పుస్తకం పట్టుకుని వచ్చాడు. పాలు తక్కువ వస్తున్నాయట. ఇంటింటికీ తిరిగి అడిగాడు. అందరూ "మాకేం తెలుసయ్యా" అన్నారు. దమేష్‌ని అడిగితే, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. అంతకుముందు ఆమె నోటికి అబద్ధం అలవాటు లేదు. ఆ రోజూ రాలేదు, అంతే.

అక్లిమాని పాలకొట్టం నుంచి తీసేసి రెండేళ్ళు పేడ ఎత్తే పనిలో పెట్టారు. దమేష్ భర్త ఆ సాయంత్రం అన్న మాట ఒక్కటే. "నువ్వు నిజమే చెప్పావు. కాదనను." అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

మర్నాడు గోడ అవతల నుంచి అక్లిమా తల పైకెత్తింది. తిడుతుందని దమేష్ సిద్ధంగా నిలబడింది. చెప్పాల్సిన జవాబులు అన్నీ నాలుక మీద పేర్చుకుంది.

"అక్కా, పిల్లాడికి దగ్గు పూర్తిగా తగ్గిందా?" అంది అక్లిమా.

ఆ ఒక్క ప్రశ్నని దమేష్ ఈనాటికీ క్షమించలేదు. పేర్చుకున్న జవాబులన్నీ అక్కడే ఉండిపోయాయి. ఇరవయ్యారేళ్ళయింది. ఆ ఏడే ఒక ఇంటివాళ్ళు మొట్టమొదట అక్లిమాని తాడు కొయ్యడానికి పిలిచారు. పేడ కంపు కొట్టే చేతులతో వెళ్ళి కోసి వచ్చింది. ఒకటి.

ఇప్పుడు కైసర్‌కి కొడుకు పుట్టాడు. అల్దియార్. పదకొండో నెలకే గోడ పట్టుకుని నిలబడ్డాడు. దమేష్ ఎవరికీ చెప్పకుండా పెట్టెలోంచి గొర్రెల ఉన్ని కత్తిరించే కత్తెర తీసింది. సానరాయి మీద నూరింది, కొవ్వు రాసింది, గుడ్డలో చుట్టి పెట్టుకుంది. ఊరంతా ఎవర్ని పిలుచుకుంటేనేం, సొంత మనవడు కదా. సొంత ఇల్లు కదా. ఈ ఒక్కటీ తనదే అనుకుంది. వాడు ఎవరి తాడూ దాటని కాళ్ళతో నడవాలి. జానుజాక్ నుంచి తనకి, తన నుంచి వాడికి.

ఒక మధ్యాహ్నం టీ తాగుతూండగా కోడలు ఐనాష్ మెల్లగా కదిపింది.

"అత్తయ్యా, వచ్చే శుక్రవారం అల్దియార్ తాడు కోయించేద్దామా?"

"కోయిద్దాం" అంది దమేష్. గిన్నె కింద పెట్టింది.

ఐనాష్ మొగుడి వైపు చూసింది. కైసర్ రొట్టెముక్క తుంచుతూ, తల ఎత్తకుండా అన్నాడు. "అక్లిమా పిన్నిని పిలుద్దామనుకుంటున్నామమ్మా."

దమేష్ గిన్నె మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

"ఆవిడ పాలు తాగి బతికినవాణ్ణి. ఇంకెవర్ని పిలుస్తాను?"

"అవి ఆవిడ పాలు కాదు. క్షేత్రంవి" అంది దమేష్.

"అదిగో! చూశావా?" కైసర్ పెళ్ళాం వైపు తిరిగి నవ్వాడు. అందులో కోపం లేదు, వెటకారం కూడా లేదు. అలవాటైపోయిన నవ్వు. దమేష్‌కి అదే ఎక్కువ గుచ్చుకుంది.

ఐనాష్ తొందరగా టీ పోసింది. "తాడు మాత్రం మీరే పేనాలి అత్తయ్యా. మీరు పేనిన తాడు ఇప్పటిదాకా చిక్కుపడలేదట, ఊళ్ళో అందరూ అంటారు."

అవును, తాడు పేనడానికి దమేష్. కొయ్యడానికి అక్లిమా. ఆవు ఈనిందా అని అడగడానికి దమేష్. బిడ్డని చేతికివ్వడానికి అక్లిమా.

గురువారం ఎండలో గుమ్మం ముందు కూర్చుని ఉన్ని దువ్వింది. తెల్లది ఒక చెయ్యి, నల్లది ఒక చెయ్యి. అరచెయ్యి తొడ మీద పెట్టి దొర్లించింది. గోడ అవతల అక్లిమా ఎవరితోనో అంటోంది. "నా కత్తా? మా నాన్నదే. పళ్ళూడిపోయింది పాపం, అయినా ఒక్క వేటుకి కోస్తుంది. ఇంతవరకూ రెండో వేటు వెయ్యలేదు తెలుసా!"

దమేష్ చెయ్యి ఆగింది. గోడకి కట్టేసిన ముసలి గుర్రం ఈగల్ని తోలుకుంటూ తోక ఆడిస్తోంది. నల్లగా, పొడుగ్గా, తీగల్లాంటి వెంట్రుకలు. ఏడు తెంపింది. గుర్రం వెనక్కి తిరిగి చూసింది.

'పిల్లాడికేం కాదు' అనుకుంది, వెంట్రుకల్ని ఉన్ని మధ్యలో దాచి పేనుతూ. 'రెండో వేటుకో మూడో వేటుకో తెగుతుంది. ఒక్క వేటుకి తెగకపోతే చాలు. ఆ చేతిలో మంచి అయిపోయిందని జనం అనుకుంటే చాలు.' పేనిన తాడు చేతిలో పెట్టుకుని చూసింది. ఎప్పటిలాగే నున్నగా ఉంది. ఎక్కడా పోగు లేవలేదు.

శుక్రవారం ఇల్లు నిండింది. నూనెలో వేగిన బూరెల్లాంటి రొట్టెముక్కలు గుట్టగా పోశారు. పొయ్యి మీద మాంసం ఉడుకుతోంది. వాకిట్లో తెల్లగుడ్డ పరిచారు. మిఠాయిలు చల్లే పని చేతికొచ్చిన ముసలమ్మ ఒకామె అప్పుడే రెండు నోట్లో వేసుకుంది.

"పిల్లల కోసం ఉంచవే ముసలీ!" అంది పక్కావిడ.

"నాకు పళ్ళు లేవు. చప్పరించి ఇచ్చేస్తాలే."

అక్లిమా తలకి కొత్త రుమాలు కట్టుకుని వచ్చింది. వస్తూనే పదిమందిని పలకరించి, అల్దియార్ పొట్ట మీద ముద్దు పెట్టి, "నా లాగా వాగుడుకాయవి అవుతావురా, ముందే చెప్తున్నా. మీ అమ్మ తర్వాత ఏడవకూడదు" అంది. అందరూ నవ్వారు. దమేష్ కూడా పెదవులు కదిపింది. ఆమె గౌను జేబులో కత్తెర ఉంది. ఎందుకు పెట్టుకుందో తనకే తెలియదు.

కైసర్ కొడుకు కాళ్ళకి తాడు కట్టాడు. అక్లిమా మోకాళ్ళ మీద కూర్చుని, "బిస్మిల్లా" అని కత్తి వేసింది.

తెగలేదు.

ఉన్ని తెగింది గాని తాడు తెగలేదు. ఇంకోసారి లాగింది. కత్తి కిర్రుమంది. వాకిట్లో మాటలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. వెనక నుంచి ఎవరో అన్నారు. "చెయ్యి బరువెక్కినట్టుంది."

దమేష్‌కి గొంతులోంచి చల్లటి పులిమజ్జిగ దిగినట్టయింది. ఎండలో రోజంతా నడిచొచ్చి తాగితే ఎలా ఉంటుందో అలా. ఇరవయ్యారేళ్ళలో అంత హాయి ఆమె ఎరగదు.

అది ఎంతోసేపు లేదు. అల్దియార్ అడుగు వెయ్యబోయి, కాళ్ళు రావడం లేదని కిందికి చూసి, దబ్బుమని కూలబడ్డాడు. మూతి వంకర పెట్టి ఏడుపు అందుకున్నాడు. చుట్టూ ఉన్న అన్ని మొహాల్లోంచి దమేష్ మొహం వెతుక్కుని, చేతులు చాచాడు.

అక్లిమా బొటనవేలు తాడు మీద పెట్టి రాసింది. తెగిన ఉన్నిలోంచి బయటికి పొడుచుకొచ్చిన నల్ల వెంట్రుక కొనని చూసింది. తల ఎత్తి దమేష్ వైపు చూసింది. దమేష్ చూపు దించుకుంది.

అక్లిమా పకపకా నవ్వింది. "మా నాన్న కత్తికి ఇవాళ్టితో కాలం చెల్లింది! నాకూ అంతే. దమేషక్కా, గొర్రెల కత్తెర ఉంటుందిగా నీ దగ్గర? నువ్వే వచ్చి కొయ్యి. వాడు నీ కోసమే కదా ఏడుస్తున్నాడు."

"ఎంత పెద్ద మనసమ్మా!" అంది మిఠాయి ముసలమ్మ. అందరూ తలలూపారు.

దమేష్ జేబులో చెయ్యి పెట్టింది. కత్తెర బయటికి రాగానే ఐనాష్ దాని వైపే చూసింది. తోమి, నూరి, కొవ్వు రాసిన కత్తెర. దమేష్ నడిచి వెళ్ళి మనవడి ముందు కూర్చుంది. పదిహేడు సార్లు ఆమె కోరుకున్నది ఇప్పుడు ఆమె ముందు తెల్లగుడ్డ మీద ఉంది. అదీ అక్లిమా ఇస్తే వచ్చింది. దానిక్కూడా అక్లిమాకే పేరు.

కత్తెర నోరు తాడు కిందికి పోనిచ్చింది. నొక్కితే అయిపోతుంది.

కోసిన చేతి గుణం బిడ్డకి వస్తుంది. ఆ మాట ఆమె ఒంట్లో నెత్తురులాంటిది, వదిలించుకుందామన్నా పోదు. ఈ పూట తన చేతిలో ఉన్న గుణం ఏమిటి? మూడేళ్ళు మేపిన గుర్రమా, ఏడు వెంట్రుకలా?

కత్తెర కింద పెట్టింది. తాడు పురి విప్పింది. గోళ్ళతో పట్టుకుని ఒక వెంట్రుక లాగింది, ఇంకోటి లాగింది. ఏడూ తీసి తెల్లగుడ్డ మీద పక్కపక్కన పెట్టింది.

"గుర్రపు వెంట్రుకలు" అంది, ఎవరి మొహమూ చూడకుండా. "నేనే పెట్టాను. ఆమె కత్తి ఆగాలని."

మిఠాయి ముసలమ్మ చప్పరించడం ఆపింది. కైసర్ ఒక అడుగు ముందుకేసి ఆగాడు. 

అందరికంటే ముందు అరిచింది అక్లిమా.

"ఎందుకు చెప్పావే!" మొహం ఎర్రగా కందిపోయింది. "నేను సర్దేశానుగా! కోసేసి ఊరుకోవచ్చుగా! అప్పుడూ ఇంతే, పాలప్పుడూ ఇంతే! రెండేళ్ళు పేడ ఎత్తానే నీ నిజానికి! నా చేతులు చలికి పగిలి నెత్తురు కారేవి తెలుసా? ఒక్కసారి నోరు మూసుకుంటే నీ సొమ్మేం పోతుందే!"

'అక్కా' లేదు. వాకిట్లో ఉన్నవాళ్ళు అక్లిమా అరవడం ఎప్పుడూ వినలేదు. దమేష్ మాత్రం ఆ తిట్లన్నీ తలొంచుకుని, ఒక్కొక్కటే అందుకుంది. ఇరవయ్యారేళ్ళుగా రావలసినవి. నాలుక మీద పేర్చుకున్న పాత జవాబుల్లో ఇప్పుడు ఒక్కటీ పనికిరాలేదు.

"తెలుసు" అంది. "నీ పాలే లేకపోతే నా పిల్లాడు పోయేవాడు. అదీ తెలుసు." కత్తెర తీసి అక్లిమా ఒళ్ళో పెట్టింది. "నువ్వు కొయ్యి. వాడి కాళ్ళు నొప్పెడతాయి."

అక్లిమా ముక్కు ఎగబీల్చింది. కొత్త రుమాలు కొంగుతో కళ్ళు తుడుచుకుంది. కత్తెర పట్టుకుని ఒక్క నొక్కు నొక్కింది. మిగిలిన ఉన్ని రెండుగా విడిపోయి రాలింది. ఆమె అల్దియార్ చెయ్యి పట్టుకుని గుడ్డ మీద నడిపించింది. ఎవరికో ఒకరికి తెలివొచ్చి మిఠాయిలు చల్లారు. పిల్లలు ఎగబడ్డారు. మాంసం చల్లారిపోతోందని ఐనాష్ కేక పెట్టింది.

పద్దెనిమిది.

ఆ తర్వాత ఊరు చాలా రోజులు అదే మాట్లాడుకుంది. దమేష్ చేసినది కొందరు తప్పన్నారు, ఒప్పుకున్నందుకు కొందరు పరవాలేదన్నారు. అక్లిమా గురించి మాత్రం రెండో మాట లేదు. తిట్టినా ఆమెనే మెచ్చుకున్నారు. "పాపం, ఎన్నాళ్ళు దాచుకుందో" అన్నారు. దమేష్ వాకిలి ఊడుస్తూ అవన్నీ విన్నది. ఆమె తిడితే కూడా మంచిపేరే!

ఎండలు ముదిరాక దమేష్ జున్ను ఉండలు చేసి పలక మీద ఆరబెట్టింది. అల్దియార్ వచ్చి చేతికొకటి తీసుకుని, ఊగుతూ పరిగెత్తి, గోడకి ఉన్న గండిలోంచి అక్లిమా ఇంటి కుక్కకి పెట్టేశాడు. ఆ పరుగు ఎవరిదో చెప్పక్కర్లేదు. దమేష్‌కి ఒళ్ళు మండింది. వాడు తిరిగొచ్చి ఆమె ముందు నిలబడ్డాడు. ఎవరూ అడగకుండానే రెండు అరచేతులూ విప్పి చూపించాడు, ఖాళీగా, తెల్లటి పొడి అంటుకుని.

దమేష్ వాడి చేతుల్నే చూస్తూ ఉండిపోయింది. నోటి దాకా ఏదో మాట వచ్చింది.

"చూశావా అక్కా, వాడిలో తీసింది నేను, ఒప్పుకున్నది నువ్వు!" అంది గోడ మీంచి అక్లిమా.

ఆ మాటా ఆమే ముందు అనేసింది.

గడ్డి కోతలప్పుడు పైవీధి నుంచి ఒక జంట వచ్చింది. వాళ్ళ పాపకి నడక వచ్చిందట. దమేష్ గుమ్మం దగ్గర ఆగారు. ఆవు ఈనిందని చెప్పడానికి దమేష్ నోరు తెరిచింది.

"తాడు పేని పెట్టాలక్కా" అంది ఆ పిల్ల, నవ్వు ఆపుకుంటూ. "వెంట్రుకలు లేకుండా."

"కోసేది ఎవరు?"

ఆ పిల్ల గోడ వైపు చూసింది.

దమేష్ లోపలికి వెళ్ళి ఉన్ని తెచ్చుకుంది. తెల్లది ఒక చేత్తో, నల్లది ఒక చేత్తో పట్టుకుని గుమ్మంలో కూర్చుంది. గోడ అవతల అక్లిమా నవ్వుతోంది. గుర్రం కట్టిన వైపుకి వీపు పెట్టి, ఉన్ని తొడ మీద పెట్టి దొర్లించింది.

పంతొమ్మిది, అనుకుంది.